తాలింపు లేని సెలవులు

దసరా సెలవుల నుంచి క్రిస్మస్ సెలవుల దాకా మా ఇంట్లో పప్పుకు తాలింపు ఉండేది కాదు. ఆవాలు చిటపటమంటే ఆ ఘాటు పక్క గదిలోకి పోతుందని, పోతే పట్టుపురుగులు మేత మానేస్తాయని. దేవుడి పటాల ముందు ఊదువత్తి వెలిగించకూడదు. ముఖానికి పౌడరు వేసుకోకూడదు. తలకు వాసన నూనె రాసుకోకూడదు. దోమలు పీక్కుతిన్నా సరే, పొగ పెట్టకూడదు. పుంగనూరు దగ్గర మా ఊళ్లో పట్టుపురుగులు పెంచే ప్రతి ఇంట్లోనూ ఈ కట్టడి ఉండేది. మా ఇంటి కట్టడిలో మాత్రం ఒకటి తగ్గింది. పొగాకు. పట్టుపురుగుల గుడ్లు ఇచ్చే ఆఫీసులో, పురుగులకు అన్నిటికంటే పెద్ద విషం పొగాకేనని మా నాయన ముఖం మీదే చెప్పి పంపేవాళ్లు. ఆయన ఆ మాటను జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చి మా అందరికీ చెప్పేవాడు, బీడీ ముట్టించుకుంటూ.

తొంభైల మధ్యనాటి మాట ఇది. ఇప్పుడు నేను అప్పటి అమ్మ వయసు దాటిపోయాను. అయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. చల్లారిపోయాక రాద్దామని చాలా ఏళ్లు ఆగాను. చల్లారేలా లేదు కాబట్టి మండుతూనే రాస్తున్నాను.

ఇంట్లో పెద్ద గది పురుగులది. వెదురు తట్టల మీద తట్టలు, దూలం దాకా. అమ్మ, నాయన, అవ్వ, నేను, తమ్ముడు మిగిలిన చోట సర్దుకునేవాళ్లం. అవ్వ అంటే నాయన తల్లి. కార్తీకం వచ్చేసరికి మా వైపు చలి ఎముకల్లోకి దిగుతుంది. అప్పుడు పురుగుల గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీకి గోనెపట్టా కట్టి, తలుపు వేసేవాళ్లు. మేం వసారాలో ముడుచుకుని పడుకునేవాళ్లం. తమ్ముడు ఒకసారి అడిగాడు, "మా, నేను పురుగునై పుట్టింటే బాగుండు కదా?" అని. అమ్మ నవ్వి వాడికి తన కొంగు కప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పురుగులు పెరిగేటప్పుడు మధ్యమధ్యలో మేత మాని, కదలకుండా పడుకుని పొర విడుస్తాయి. దాన్ని మా వైపు జ్వరం అంటారు. చివరి జ్వరం లేచాక వాటి ఆకలికి అంతుండదు. తెల్లవారకముందే మొదలుపెట్టి తోటలో మల్బరీ ఆకు కోయాలి, మోయాలి, పరచాలి, పెంట తీయాలి, మళ్లీ పరచాలి. ఆ వారం ఇంట్లో మనిషికి కూర్చునే తీరిక ఉండదు. మా నాయన చదువుకోలేదు గానీ ఈ లెక్కలో మాత్రం గట్టివాడు. గుడ్లు తెచ్చే ముందు నన్ను పిలిచి, "మీ బడికి సెలవులు ఎప్పుడే పాపా?" అని అడిగేవాడు. నేను వెర్రిదాన్ని, సంబరంగా చెప్పేదాన్ని. చివరి జ్వరం సరిగ్గా మా సెలవుల్లో లేచేలా గుడ్లు తెచ్చేవాడు. పుంగనూరులో మాది మిషన్ బడి. దసరాకూ సెలవులే, క్రిస్మస్‌కూ సెలవులే. మిగతా పిల్లలు ఆ రెండు సెలవుల కోసం ఎదురుచూసేవాళ్లు. నేను, తమ్ముడు బడి తెరిచే రోజు కోసం ఎదురుచూసేవాళ్లం.

అమ్మది కుప్పం. అక్కడ అమ్మమ్మ ఒక్కతే రైలు గేటు పక్కన ఆకుకూరలు అమ్ముకుంటూ బతికేది. అమ్మ తప్ప ఆమెకు బిడ్డలు లేరు. ఆ ఏడు అమ్మమ్మ రెండు కళ్లకూ పొర కమ్మింది. కొత్తిమీర కట్టలో గడ్డి కలిసిపోయినా తెలిసేది కాదట. ఆసుపత్రిలో ఒక్కో కన్నుకు ఆపరేషన్ చేస్తామన్నారు. అయితే చుక్కల మందు వేయడానికీ, ఆమెను పొయ్యి దగ్గరికి పోనీయకుండా వండిపెట్టడానికీ మనిషి తోడు ఉండాలన్నారు. లేకపోతే అసలు చేయనే చేయమని తెగేసి చెప్పారు. ఆ మనిషి మా అమ్మే కావాలి. ఇంకెవరున్నారు?

"దసరాకు పోతాను. పిల్లకాయలకూ సెలవులే కదా," అంది అమ్మ.

"దసరాకు పురుగులు ఆకరి మేతలో ఉంటాయి. గూడు కట్టినాక పో. ఎవురొద్దన్నారు?" అన్నాడు నాయన.

ఎవరొద్దన్నారు. ఇది మా నాయన మాట. నా చిన్నతనంలో ఆయన అమ్మను దేనికీ వద్దనగా నేను వినలేదు. పుట్టింటికి పో, ఎవరొద్దన్నారు. జాతరకు పో, ఎవరొద్దన్నారు. వద్దని చెప్పే పని పురుగులకు అప్పగించాడు. వద్దన్న మనిషితో పోట్లాడవచ్చు. పురుగులతో ఏం పోట్లాడతాం?

ఆ దసరాకు అమ్మ ఆగింది. విజయదశమి ఇంకా రానేలేదు, ఒక పొద్దున తలుపు తీసేసరికి పురుగులు తలలు పైకెత్తి, ఆకుపచ్చ నీళ్లు కక్కుతూ మెలితిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి తట్టలు తట్టలే మెత్తబడిపోయాయి. గది నిండా కుళ్లు వాసన.

అవ్వ గుమ్మం బయట నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవురో అంటుతో లోపలికి పొయినారు," అంది.

ఎవరో అంటే ఎవరు? అవ్వకు ఆ బాధ తీరిపోయి ఎన్నో ఏళ్లయింది. నేనింకా పెద్దమనిషిని కాలేదు. ఇంట్లో బయట చేరే ఆడది ఒక్కతే. పేరు చెప్పకుండా వేలు చూపడం అవ్వకు బాగా తెలుసు. నెలకు మూడు దినాలు అమ్మ పెరట్లో పశువుల కొట్టం పంచన ఉండేది. పురుగులున్నప్పుడు ఆమె నీడ కూడా ఆ గదివైపు పడకూడదు.

"నేను ఆ పంచ దాటి రాలేదత్తా," అంది అమ్మ.

"తలకు పోసుకోకముందే ఆకు తాకింటావు. పురుగులు అబద్ధం సెప్తాయా?"

నాకు ఆగలేదు. "నాయన ఆకు కుప్ప మీదనే కూసోని బీడీ తాగినాడు. అదే చేత్తో ఆకు తరిగి ఏసినాడు. నేను సూసినా," అన్నాను.

చెంప మీద దెబ్బ పడింది. నొప్పి సంగతి మరిచిపోయాను గానీ, ఆ చేతికున్న బీడీ వాసన నాకింకా గుర్తుంది. అవ్వకూ ఆ వాసన తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. అయినా నా మాట నిజమేనా అని నాయనను ఒక్కరూ అడగలేదు. చచ్చిన పురుగులను గంపకెత్తి దూరంగా గుంట తీసి పూడ్చింది అమ్మే. తట్టలన్నీ కడిగి ఎండకు పెట్టింది అమ్మే. ఆ పని అయ్యేసరికి సెలవులు అయిపోయాయి. కుప్పం ప్రయాణం అటకెక్కింది.

అంతటితో పోయి ఉంటే ఏమో. ఊరు చిన్నది. పంట పోయిన కారణం ఇల్లిల్లూ తిరిగింది. ఒక పొద్దున అమ్మ పక్కింటికి మజ్జిగ కోసం పోతే, ఎప్పుడూ "రా అక్కా" అని లోపలికి పిలిచే ఆ ఇంటామె గబగబా వెళ్లి తమ పురుగుల గది తలుపు గడియ వేసి వచ్చి, గుమ్మంలోనే మజ్జిగ పోసి పంపింది. నేను అమ్మ పక్కనే ఉన్నాను. దారిలో చెంబు వంగి మజ్జిగ కాళ్ల మీద ఒలికిపోతున్నా అమ్మ చూసుకోలేదు. ఆ తర్వాత ఆమె ఎవరింటికీ పోవడం మానేసింది.

నాయన పంతం పట్టి వెంటనే మళ్లీ గుడ్లు తెచ్చాడు. ఆ పురుగులు ఉండగానే దీపావళి వచ్చింది. పొగ కాబట్టి టపాకాయలు వద్దన్నారు. తమ్ముడు ఎవరి దగ్గరో పాము బిళ్ల ఒకటి సంపాదించి పెరటి గోడ అవతల వెలిగించాడు. దానికి వాణ్ని అవ్వ చీపురుకట్టతో తరిమింది. వాడు ఏడుస్తూ వచ్చి అమ్మ వెనక దాక్కున్నాడు. నాయన అప్పుడు ఊళ్లో లేడు. టమోటా కోతలు మొదలై రోజూ మదనపల్లె మార్కెట్టుకు పోతున్నాడు. తెల్లవారుజామున లారీ ఎక్కితే పొద్దువాలాక వచ్చేవాడు. వచ్చినా పురుగుల గదిలోకి తొంగిచూసే ఓపిక ఉండేది కాదు. అమ్మే ఆకు కోసింది, అమ్మే పెట్టింది. ఆమె బయట ఉన్న మూడు దినాలు నేను బడి మానేసి చూశాను. ఒక్క పురుగు కూడా తల ఎత్తలేదు. గూళ్లు తెల్లగా, గట్టిగా వచ్చాయి. వాటిని మూటగట్టి మదనపల్లెకు తీసుకుపోయింది నాయన. అక్కడ అందరూ మెచ్చుకున్నారట. "నా కొడుకు చెయ్యి అట్లాంటిది," అని అవ్వ వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పింది. ఏ చెయ్యి? నాయన చెయ్యి ఆ గదిలో పెట్టనే లేదు కాబట్టే అవి బతికాయని ఆ ఇంట్లో అనుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకు ఒక్కదానికి ఉండేది. నాకింకా చెంప మీద వాసన పోలేదు.

ఇప్పుడైనా పోతానని అమ్మ అంటే, "పో, ఎవురొద్దన్నారు? పిల్లకాయలకు పరీక్షలుండాయి, మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, నువ్వే సూసుకో," అన్నాడు. సూసుకో అంటే ఆగిపో అని. అమ్మ పుంగనూరు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నుంచి కుప్పంలో అమ్మమ్మ పక్కనున్న అంగడికి ఫోను చేసింది. అద్దాల గదిలో అమ్మ ఫోను చెవికి అదిమిపట్టుకుని నిలబడింది. బయటికి వచ్చాక చాలా దూరం నడిచి, నాతో అంది. "క్రిస్మస్ సెలవుల్లో ఆపరేషన్ పెట్టించుకునిందంట. ఈసారి కూడా రాకుంటే ఇంగ ఆసుపత్రికే పోదంట. కండ్లు లేకుండానే బతుకుతాదంట."

ఆ సంగతి అమ్మ ఇంటికి రాగానే నాయనకు చెప్పింది. ఆయన విన్నాడు. విని, ఆ వారంలోనే పోయి గుడ్లు తెచ్చాడు. లెక్క తప్పలేదు. క్రిస్మస్ సెలవులు ఇచ్చిన మరుసటి పొద్దుకు పురుగులు చివరి జ్వరం లేచి, తలలు ఊపుతూ ఆకు కోసం చూస్తున్నాయి. ఆయన కావాలని చేశాడా, అలవాటుగా చేశాడా అని చాలాకాలం ఆలోచించాను. ఇప్పుడు ఆలోచించడం మానేశాను. రెండింటికీ నాకు వచ్చే కోపం ఒకటే.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే పెరటి గోడ కూడా కనిపించలేదు. నాయన తోటకు పోవడానికి కొడవలి నూరుకుంటున్నాడు. అమ్మ పురుగుల గది వైపు రాకుండా తిన్నగా పోయి పశువుల కొట్టం పంచన రాయి మీద కూర్చుంది.

"ఏమ్మే, పొద్దు పొడిస్తే ఆడ కూసున్నావేమి?" అంది అవ్వ.

"బయట చేరినా అత్తా."

నాయన కొడవలి నూరడం ఆపాడు. అవ్వ వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. "అప్పుడేనా? ఇంకా దినాలు కాలేదే?"

"చలికి ముందే వచ్చె. నన్నేం చెయ్యమంటావు? కావల్లంటే వచ్చి ఆకు ఏస్తా. తర్వాత నన్ననద్దండి."

అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, వద్దు తల్లీ వద్దు. ఆ పక్క తిరిగి కూడా సూడద్దు."

"అయితే నేనీడ కూసోని ఏం చెయ్యల్ల? మా అమ్మ కాడికి పోతా."

"బయటున్నదానివి బస్సెట్ల ఎక్కుతావు?"

"బస్సులో పురుగులు లేవు కదత్తా."

నాకు లోపల ఏదో గంతులు వేసింది. నాయన మాత్రం తేరుకుని, "పోతే పో, ఎవురొద్దన్నారు? పిల్లకాయలు ఉండనీ. ఆకు ఎవురు మోసేది?" అన్నాడు. అమ్మ మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపింది. మేం పరుగెత్తిపోతే ఇద్దరినీ దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. అందరి కళ్లెదుటే. ఆమెను తాకాం, ఇంక మాకూ అంటే. తలకు పోసుకుంటే గానీ గదిలోకి పోకూడదు. ఆ మంచులో మా ఇద్దరి తలల మీద నీళ్లు గుమ్మరించే పని అవ్వ పెట్టుకోలేదు. "పోండి, పోండి, అందరూ పోండి," అని చేతులు విదిలించింది. మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా తనను కొట్టడానికి వాడిన అంటు అనే కర్రను అమ్మ ఆ పొద్దు లాక్కుని తన చేతికర్ర చేసుకుంది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరాం. మంచు కరిగి ఎండ వచ్చింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికి చూసింది. ముఖం వేరేగా ఉంది. అమ్మమ్మ మమ్మల్ని గుర్తుపట్టడానికి ముఖాలు తడిమి చూసింది. నా ముక్కు పట్టుకుని తమ్ముడనుకుంది. మరునాడే ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ అయి, కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఇంటికి వచ్చిన పూట అమ్మ పప్పు చేసి, నూనె కాగబెట్టి, ఆవాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి తాలింపు పెట్టింది. ఆ ఘాటుకు అందరం దగ్గాం. దగ్గుతూనే తిన్నాం. తమ్ముడు గిన్నె అడుగు దాకా నాకేశాడు. అమ్మ వేళకు చుక్కలు వేసేది, తల వంచనిచ్చేది కాదు. మిగతా టైములో అమ్మమ్మ బదులు ఆకుకూరలు అమ్మేది. బెంగళూరు రైలు వస్తే మేం గేటు దగ్గరికి ఉరికేవాళ్లం. నాకు తెలిసిన సెలవులు అవే.

సెలవులు ఇంకా ఉండగానే ఒక మధ్యాహ్నం నాయన వచ్చాడు. గడ్డం పెరిగి, శాలువా నలిగి ఉంది. లోపల మంచం మీద పడుకున్న అమ్మమ్మ కన్ను ఎలా ఉందని అడగలేదు. గుమ్మంలో కూర్చుని తోటకూర కట్టలు కడుతున్న అమ్మ ఎదుట నిలబడి, "అన్నీ పోయినాయి," అన్నాడు.

"ఎట్ల పోయినాయి?"

"దసరాకు పోయినట్లే. తలకాయలెత్తి పచ్చనీళ్లు కక్కినాయి." గొంతు తగ్గించి అన్నాడు, "నువ్వు వచ్చేటప్పుడు అంటుతోనే గడప తాకినావంట. మా అమ్మ అంటాది. ఊర్లో అందరూ అదే అంటాండారు."

అమ్మ చేతిలో కట్ట కింద పెట్టింది.

"ఈ చలికి యాడ పడుకుంటాంటివి?"

"పురుగుల కాడ్నే. కుంపటి సూసుకోవల్ల కదా. నువ్వు లేకపోతివి."

"బీడీ యాడ తాగినావు?"

నాయన శాలువా భుజం మీదికి లాక్కున్నాడు.

"తలుపు మూసుకొని, ఆ కుంపట్లోనే ముట్టించుకున్నావా?"

"మాట యాల తిప్పుతావు? అంటు సంగతి సెప్పు."

"అంటు లేదు," అంది అమ్మ. "ఆ పొద్దు నేను బయట చేరలేదు. అబద్ధం సెప్పినా. మా అమ్మ కాడికి రావల్లని సెప్పినా. ఇప్పుడు సెప్పు, ఎవురి వల్ల సచ్చినాయో."

ఆ మాట అనడానికి అమ్మ ఏం పోగొట్టుకుందో నాకు అప్పుడే అర్థమైంది. ఆమె దగ్గరున్న ఉపాయం అదొక్కటే. ఆమె నోరు మూసుకుని ఉంటే వచ్చే ఏడూ వాడుకోవచ్చు, ఆపై ఏడూ వాడుకోవచ్చు. తన మీద పడ్డ నింద కడుక్కోవడానికి దాన్ని అక్కడే, ఆ గుమ్మంలోనే ఖర్చు పెట్టేసింది. ఇక ఆమె ఎప్పుడు బయట చేరినా నిజమా అని అడుగుతారు. ఇప్పుడంటాడు, తప్పు నాదేనని నాయన ఇప్పుడంటాడు అని నేను ఎదురుచూశాను. కనీసం ఊళ్లోవాళ్లకు నిజం చెప్తానని అంటాడని.

"అయితే నువ్వు సెప్పిన అబద్ధానికే సచ్చినాయి," అన్నాడు నాయన.

ఆ తోటకూర బుట్ట ఎత్తి ఆయన నెత్తి మీద కొట్టాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది. అమ్మ మాత్రం ఆయన ముఖంలోకి నిదానంగా చూసింది, సంతలో నచ్చని సరుకును చూసినట్టు. అరవలేదు. ఏడవలేదు. చుక్కల మందు వేళయిందని లేచి చేతులు కడుక్కుంది.

"సరే. ఊర్లో అట్లనే సెప్పుకో," అంది. "సాయంత్రానికి బస్సుంటాది, ఎక్కు. మా అమ్మకు ఇంకో కన్ను ఉండాది. అదీ అయినాకనే నేను వచ్చేది."

నాయన ఆ సాయంత్రం బస్సుకు ఒక్కడే పోయాడు. మా బడి తెరిచాక కూడా చాలా రోజులు మేం కుప్పంలోనే ఉన్నాం.